ఆలన - పరామర్శ



భాషను బోధించేవాడిని గనుక మాటలతోనే మొదలుపెడుతున్నాను. వ్యాధిగ్రస్తుని చూడబోవడాన్ని తెలుగులో పరామర్శ అంటాము. మృతుని ఇంటికి వెళ్ళి అతని వారిని ఓదార్చడాన్నీ పరామర్శ అనే అంటాము. ఉర్దూలో ఈ రెండు పనులకు రెండు మాటలున్నవి. మొదటిది 'అయాదత్', రెండవది 'తాజియత్'. వీటికి భిన్నమైన మూడవ మాట 'తీమార్‌దారీ'. రోగి చెంత ఉండి, మందూ మాకూ చూచి, రాత్రి మేల్కొని చేసే సేవకు అది పేరు. తెలుగులో దానికి తగిన మాట లేకపోలేదు. 'ఆలనా పాలనా' అన్నప్పటి ఆలన అదే. అయితే దానిని మనం పసిపిల్లలకూ ముసలివారికీ కట్టిపెట్టినాము.

ఈ మాటల మధ్య దూరమెంతో నేను నిఘంటువులో కాక మా ఖాలా ఇంటిలో తెలుసుకొన్నాను. ఆమెది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. ఏండ్ల తరబడి పాన్‌తో పొగాకు నమిలిన నోరు. బుగ్గ లోపల పుండు లేస్తే వేడి చేసిందనుకొని కొన్ని నెలలు పోగొట్టుకొన్నాము. తీరా చూస్తే కాన్సరు. మన పెద్దలు రాచపుండు అన్నది, ఉర్దూలో 'సర్తాన్' అన్నది ఇదే. సర్తాన్ అంటే ఎండ్రకాయ. ప్రాచీన గ్రీకు వైద్యులు పెట్టిన పేరుకూ అర్థమదే. ఇంటిల్లిపాదిమీ కలిసి ఈ పేరును ఆమెకు తెలియకుండా దాచినాము. ఆమెకు ఉర్దూ చదువ వచ్చునన్న సంగతి మరచినాము. హైదరాబాదులో ఆసుపత్రి పలకమీద ఆమె చదువుకొన్నది. మాకు చెప్పలేదు. మేము ఏడవకూడదని ఆమె, ఆమె ఏడవకూడదని మేము, నెలరోజులు ఒకరికొకరం నటించినాము. చదువుకొన్నవాడినై ఉండి ఆ నటనలో నేనే ముందున్నాను.

ఇక చూడవచ్చినవారి సంగతి. మంచం చుట్టూ చేరి, అదే జబ్బుతో ఎవరెవరు పోయినారో లెక్కలు చెప్పినవారున్నారు. అంటుకొంటుందేమోనని పళ్ళెమూ గ్లాసూ వేరు పెట్టుమన్నవారున్నారు. ఒకనాడు అందరూ వెళ్ళిన తరువాత ఖాలా నాతో, "సబ్ దేఖ్‌కో జారైఁ బేటా, గంజి పకానే కోయి నై" అన్నది. చూచిపోయేవారే గాని గంజి కాచేవారు లేరని. ఆ మాట విన్న తరువాతనే మా ఇంటిలో తాజియత్ ఆగి తీమార్‌దారీ మొదలైనది.

కలిసి తిన్నందువలన, కలిసి పడుకొన్నందువలన కాన్సరు అంటుకోదు. ఇది మొదట తెలియవలసిన విషయం. రెండవది చికిత్స స్వభావం. పల్లెలలో 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ చికిత్స నోటి కాన్సరుకు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరు పూస్తుంది, లాలాజలం ఎండుతుంది, రుచి పోతుంది. జొన్నరొట్టె, కారం మింగబోతే కన్నీళ్ళే. మా ఖాలాను ఆ రోజులలో నిలబెట్టినది పొరుగింటి గొల్ల అవ్వ. పల్చగా కాచిన జొన్న గటకలో మజ్జిగ కలిపి, చల్లార్చి, రోజూ ఒక గిన్నె తెచ్చి పెట్టి మాట్లాడకుండా వెళ్ళేది. పుండు చీము పడుతుందని గుడ్డూ పాలూ మాన్పించే పథ్యం మనవైపు ఉన్నది. అది పొరపాటు. పాడైన కండ తిరిగి కట్టుకోవడానికి మాంసకృత్తులే ఆధారం. మెదిపిన గుడ్డు, బాగా ఉడికిన పప్పు, పెరుగు ఏది దిగితే అది కొంచెం కొంచెంగా పెట్టవలెను. గోరువెచ్చని నీటిలో ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు పలుమార్లు పుక్కిలించడం మేలు. దవడ బిగుసుకొనిపోకుండా నోరు తెరచే వ్యాయామం డాక్టరు చెప్పిన ప్రకారం చేయవలెను.

మందులతో చేసే కీమో చికిత్సలో జుట్టు రాలడాన్ని గురించి అందరూ దిగులుపడతారు. అది చికిత్స ముగిసిన కొన్ని నెలలకు మళ్ళీ వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది జ్వరం. 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేర్చవలెను. ఇంటిలో థర్మామీటరు చూడగలిగినవాడు ఒకడుంటే చాలు. ఇంటర్మీడియట్ చదివే మా చెల్లెలు మందుల వేళలు, జ్వరం అంకెలు ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టేది. డాక్టరు ముందుగా అడిగేది ఆ పుస్తకమే.

నొప్పిని గురించి ఒక మాట. కాన్సరు నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మంచి మందు. వైద్యుడు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది వ్యసనమవుతుందన్న భయం అక్కరలేదు. మలబద్ధకం మాత్రం తప్పదు గనుక దానికి మందు కూడా వెంట ఇస్తారు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వలన లైసెన్సుల చిక్కు పెరిగి, ఆసుపత్రులకు ఈ మందు అందడమే కష్టమైపోయినది. నల్లమందు పండించే దేశంలోనే రోగులు నొప్పితో పొర్లినారు. 2014లో చట్టాన్ని సవరించిన తరువాత దారి సులువైనది.

మన రెండు జిల్లాల వారికి ఏనాటినుండియో దిక్కు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని కాన్సరు ఆసుపత్రి. 1955లో వెలసిన ఆ సంస్థ నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్నది. ఆయన హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరైనాడు. నొప్పిని, ఆయాసాన్ని, దిగులును తగ్గించడమే పనిగా గల ఉపశమన చికిత్సా విభాగం ఆ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రీ పాలట్ కృషితో ఎదిగినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ ఆరంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. చికిత్స ఖర్చుకు దాని వలన ఆసరా దొరికినది గాని బస్సు ఛార్జీలు, అక్కడి బస, పోయిన కూలి ఎవరి లెక్కలోనికీ రావు. ఆసుపత్రి వారు సంతకం చేసిన పత్రం చూపితే రోగికీ, తోడు వెళ్ళేవారికీ రైలులో రాయితీ ఉన్నదని మాకు సగం చికిత్స అయినదాకా తెలియలేదు. మంచం పట్టినవారి ఇంటికి నర్సును పంపే ప్రభుత్వ సేవకు తెలంగాణలో 'ఆలన' అని పేరు పెట్టినారు. ఆ మాటను ఎన్నుకొన్నవారెవరో నాకు తెలియదు గాని, తెలుగు మేష్టారుగా సంతోషించినాను.

చికిత్స ముగియగానే 'ఇక బాగైనది గదా' అని ఇంటివారు పక్కకు జరుగుతారు. రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స జరిగి చంకలోని గ్రంథులు తీసివేసిన స్త్రీలలో కొందరికి చేయి వాస్తుంది. మనవైపు ఆడవారి బ్రతుకంతా నాట్లలోనూ పత్తి ఏరడంలోనూ ఉన్నది. పత్తికాయ మొన గీరినా చాలు, ఆ చేతికి చీము పట్టవచ్చును. చేతికి తొడుగు వేసికొని, బరువు మెల్లమెల్లగా పెంచుకొంటూ పనిలోనికి రావచ్చును. దానికి ఆ మేస్త్రీ ఒప్పుకోవలెను. తల్లికి కాన్సరు వచ్చినదని కూతురి సంబంధం తప్పిపోయిన ఇండ్లూ ఉన్నవి. దీనికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన సేవాదళం ప్రతి ఏడూ రక్తదాన శిబిరం జరుపుతున్నది. దానితోపాటు నలుగురు విద్యార్థులను ఆలన నర్సు వెంట నెలకొకమారు పంపవచ్చును. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన పిల్లలు ఆరోగ్యశ్రీ కాగితాలు, రైలు రాయితీ పత్రాలు నింపిపెట్టగలరు.

ఖాలాకు చికిత్స ముగిసి ఇది నాలుగవ ఏడు. పొగాకు మానినది. కారం ఇప్పటికీ సరిపడదు. ఆరు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళవలె. వెళ్ళే ముందు రాత్రి ఆమెకు నిద్రపట్టదు. ఆ ఒక్క రాత్రి గొల్ల అవ్వ తన దుప్పటి తెచ్చుకొని ఆమె మంచం పక్కన పడుకొంటుంది.