ఆడవాళ్ళు నిలబెట్టిన ఊరు

కొరియా అనగానే మీ అందరి నోటా సోల్ మాటే వస్తుంది. రాత్రి వంటిల్లు సర్దేసి ఫోనులో కొరియా సీరియల్ పెట్టుకునే అమ్మాయిలకి ఆ వీధులూ, ఆ కాఫీ షాపులూ కంఠతా వచ్చేసి ఉంటాయి. చూడండమ్మా, తప్పకుండా చూడండి. కానీ "మొదటిసారి వెళ్తున్నాను, ఎక్కువ రోజులు ఎక్కడ ఉండమంటావక్కా?" అని అడిగితే మాత్రం నేను బుసాన్ పేరే చెబుతాను. సోల్‌లో కేటీఎక్స్ రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల్లో దేశానికి ఆగ్నేయపు కొసన, సముద్రం పక్కన దింపుతుంది. కొరియాలో రెండో పెద్ద నగరం అది. జనం 30 లక్షల పైమాటే. కొండకీ కడలికీ మధ్య జాగా దొరికిన చోటల్లా ఇళ్ళు కట్టుకుంటూ పోయారు.

మా చెల్లెలూ నేనూ కలిసి వెళ్ళాం. పెళ్ళిళ్ళయ్యాక మేమిద్దరం అంత తీరిగ్గా కలిసి ఉన్నది అక్కడే. ఎప్పుడు కలిసినా ఏదో ఒక పెళ్ళో, పురుడో, ఆస్పత్రో. మాకంటూ కలవడం ఇదే మొదలు. అందుకేనేమో, ఆ ఊళ్ళో నా కంటికి ముందుగా ఆనింది ఆడవాళ్ళే.

జగల్చి చేపల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి. రబ్బరు బూట్లూ, చేతి తొడుగులూ వేసుకుని, నీళ్ళోడుతున్న గచ్చు మీద నిలబడి, వయసు మళ్ళిన అమ్మలు చేపలు కోస్తూ ఉంటారు. తొట్లలో ఈదే చేపలు, పీతలు, ఆక్టోపస్‌లు, మనకి పేర్లు తెలియని గుల్లలు. కింద బేరమాడి కొనుక్కుంటే పై అంతస్తులో వండి పెడతారు. అజిమేలని పిలిచే ఈ జగల్చి అమ్మలంటే ఆ ఊరికి ఎంతో గర్వం. ఊరికే రాలేదా గర్వం. 1950లో కొరియా యుద్ధం మొదలై ఉత్తర కొరియా సైన్యం దేశమంతా కమ్ముకొస్తుంటే, చిక్కకుండా మిగిలిన మూల బుసాన్. దాన్నే తాత్కాలిక రాజధానిగా చేసుకున్నారు. లక్షల మంది మూటాముల్లెతో వచ్చిపడ్డారు. మొగుడు యుద్ధంలో పోయినవాళ్ళు, ఉన్నాడో లేడో తెలియనివాళ్ళు, చంటిబిడ్డని వీపుకి కట్టుకుని ఈ ఒడ్డునే చేపల గంప ముందేసుకుని కూర్చున్నారు. పిల్లల్ని ఆ గంపతోనే చదివించారు.

మార్కెట్‌కి నడిచేంత దూరంలోనే యోంగ్దో వంతెన. 1934లో కట్టారు. ఓడలకి దారివ్వడానికి ఒక ముక్క పైకి లేస్తుంది. యుద్ధంలో ఇల్లు విడిచి పరుగెత్తేటప్పుడు, "తప్పిపోతే యోంగ్దో వంతెన దగ్గర కలుసుకుందాం" అని చెప్పుకున్నారట. బుసాన్‌లో ఇంకేమీ తెలియనివాళ్ళకి కూడా ఆ వంతెన పేరు తెలుసు మరి. వచ్చినవాళ్ళు రోజుల తరబడి రానివాళ్ళ కోసం ఎదురుచూశారు. వంతెన కింద జోస్యం చెప్పేవాళ్ళు వరసగా దుకాణాలు పెట్టారు. వచ్చి కూర్చున్నవాళ్ళకి కావలసింది ఒక్కటే జవాబు: మావాళ్ళు బతికున్నారా? 1966లో వంతెన లేపడం ఆపేశారు, 2013లో మళ్ళీ మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం 2 గంటలకి లేస్తుంది. చుట్టూ అందరూ ఫోనులు ఎత్తి పట్టుకుని ఉంటే మా చెల్లి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మనం తప్పిపోతే ఎక్కడ కలుసుకుందాం?" అంది. సరదాగానే అడిగింది. నాకు మాత్రం గొంతు పెగల్లేదు.

వంతెన దాటితే యోంగ్దో ద్వీపం. అక్కడ ఓడలు బాగుచేసే పేట ఒకటుంది, కంగ్‌కంగి అంటారు. ఓడ అడుగున పట్టిన తుప్పునీ, అంటుకున్న గుల్లల్నీ సుత్తితో కొట్టి రాల్చే చప్పుడది. ఆ పని చేసింది ఆడవాళ్ళే. ఓడ పక్కన వేలాడే బల్ల మీద కూర్చుని పొద్దస్తమానం సుత్తి కొట్టేవారు. చెవుల్లో ఆ మోత నిలిచిపోయి వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. ఇప్పుడా పేట గోడల మీద బొమ్మలు వేసి వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. ఒక పెద్ద మేడ గోడ నిండా ఒక ముసలమ్మ ముఖం ఉంది. ఆ ముడతల ముందు మేమిద్దరం చాలాసేపు నిలబడిపోయాం. అదే ద్వీపంలో జేజు అనే దీవి నుంచి వచ్చి స్థిరపడిన హేన్యోలు ఉన్నారు. ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి మునిగి గుల్లలు తెచ్చే ఆడవాళ్ళు. ఒడ్డునే కోసి అమ్ముతారు. బేరమాడకండి.

గమ్‌చోన్ సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది. కొండ వాలు మీద రంగురంగుల ఇళ్ళ ఫొటోలు అందరూ పెడతారుగా. అది కూడా కాందిశీకులు కట్టుకున్న పేటే. ముందు ఇల్లు వెనకింటికి వెలుతురు అడ్డుకోకుండా మెట్లు మెట్లుగా కట్టుకున్నారు. 2009 నుంచి కళాకారులు వచ్చి రంగులద్దారు. అక్కడ ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. కిటికీల్లోకి ఫోను పెట్టకండి, గట్టిగా మాట్లాడకండి.

ఇక తిండి. శాకాహారులకి దాచకుండా చెబుతున్నాను, కష్టమే. కిమ్చీలో చేపల సాసో, ఉప్పు రొయ్యలో పడతాయి. పులుసుకి ఎండు చేపలు మరిగించిన నీళ్ళు వాడతారు. "మాంసం, చేప, గుడ్డు వద్దు" అని కొరియన్ భాషలో రాయించుకున్న చీటీ దగ్గరుంచుకోండి. కూరగాయల బిబింబాప్ దొరుకుతుంది. బిందేతోక్ అని ఒకటుంది. పెసలు నానబెట్టి రుబ్బి పెనం మీద నూనెలో కాలుస్తారు, అచ్చం మందపాటి పెసరట్టే. అందులో పంది మాంసం కలుపుతుంటారు కనుక అడిగి తినండి. సినిమా పండగ పేరు పెట్టిన బిఫ్ వీధిలో హొత్తోక్ బళ్ళుంటాయి. పిండి ఉండలో చక్కెర పెట్టి కాల్చి, పొట్ట చీల్చి పొద్దుతిరుగుడు గింజలూ, గుమ్మడి గింజలూ కూరి ఇస్తారు. నాలిక కాలుతుంది, అయినా ఆగలేరు. అన్నీ తినేవాళ్ళయితే మిల్‌మ్యన్ రుచి చూడండి. చల్లని నూడుల్స్. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు తమ ఊళ్ళో బక్‌వీట్ పిండితో చేసుకునేదాన్ని, ఆ పిండి దొరక్క గోధుమపిండితో చేసుకున్నారు. లేని రోజుల్లో పుట్టిన ఆ వంటనే ఇప్పుడు ఊరి గొప్పగా చెప్పుకుంటారు. మీ సంచిలో కందిపొడి పొట్లం ఉంటే మాత్రం మనసుకి ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది అక్కాచెల్లెళ్ళ మధ్య మాట. డొంగ్నే అనే పేటలో వేడినీటి బుగ్గలున్నాయి, ఎంతో పాతకాలం నుంచీ పేరున్నవి. అక్కడ పెద్ద పెద్ద స్నానశాలలున్నాయి. ఆడవాళ్ళకి వేరే, మగవాళ్ళకి వేరే. లోపలికి ఒంటి మీద నూలుపోగు లేకుండా వెళ్ళాలి. గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. నా ఒంటి మీద ఆపరేషన్ కుట్టుంది, కాన్పుల చారలున్నాయి, వయసు తెచ్చిన బరువుంది. లోపల చూస్తే మామ్మలు, కూతుళ్ళు, మనవరాళ్ళు, అందరూ అలాగే ఉన్నారు. ఎవరి కుట్లు వాళ్ళకున్నాయి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఒకావిడ తల్లి వీపు రుద్దుతోంది, ఆ తల్లి కళ్ళు మూసుకుని కూర్చుంది. డబ్బులిస్తే గరుకు గుడ్డతో ఒళ్ళంతా రుద్దేవాళ్ళుంటారు. పడుకోబెట్టి, అటూ ఇటూ తిప్పి, మురికంతా ఊడదీస్తారు. నలుగు పెట్టి తలంటిన రోజులు అయ్యాక నా ఒంటిని ఎవరైనా అంత శ్రద్ధగా ముట్టుకున్నారా అనిపించింది. నన్నడిగితే, బుసాన్‌లో ఇంకేది మానుకున్నా దీన్ని మానుకోకండి. సిగ్గు పది నిమిషాల్లో పోతుంది. స్నానమయ్యాక వాళ్ళిచ్చే పైజమా, చొక్కా వేసుకుని వెచ్చని నేల మీద పడుకుని, పెంకుతో కాల్చిన గుడ్లు తింటూ, బియ్యంతో చేసిన చల్లని సిక్హే తాగుతూ కబుర్లు చెప్పుకోవచ్చు.

రాత్రి గ్వాంగల్లి తీరానికి వెళ్ళండి. ఎదురుగా 2003లో తెరిచిన గ్వాంగన్ వంతెన దీపాలతో వెలిగిపోతుంటుంది. శనివారాల్లో డ్రోన్ల ఆట కూడా ఉంటుంది. బాగా పొద్దుపోయాక కూడా ఇసకలో ఆడపిల్లలు గుంపులుగా, కొందరు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. మేమూ కూర్చున్నాం. ఎవరూ వచ్చి పలకరించలేదు, ఎవరూ వెంటపడలేదు. ఒక ఆడమనిషికి సముద్రం పక్కన అర్ధరాత్రి ఊరికే కూర్చునే హక్కుంటే ఎలా ఉంటుందో నాకు అక్కడ తెలిసింది. అక్కడివాళ్ళకి కష్టాలు లేవని అనను. రహస్య కెమెరాల బెడద మీద 2018లో వేల మంది ఆడవాళ్ళు సోల్ వీధుల్లోకి వచ్చారు. కాబట్టి గదిలోనూ, బాత్రూముల్లోనూ మీ జాగ్రత్త మీరు చూసుకోండి.

ఇంకొక్క చోటు చెప్పి ఆపుతాను. ససాంగ్ స్టేషన్ నుంచి లైట్ రైలెక్కితే పక్క ఊరు కిమ్హే. అక్కడ పచ్చగడ్డి దిబ్బ కింద హో హ్వాంగ్-ఓక్ అనే రాణి సమాధి ఉంది. 13వ శతాబ్దపు సమ్‌గుక్ యుసా అనే గ్రంథం ప్రకారం ఆవిడ క్రీ.శ. 48లో అయుతా అనే దేశం నుంచి ఓడలో వచ్చి అక్కడి సురో రాజుని పెళ్ళాడిన రాకుమారి. ఆ అయుతా మన అయోధ్యే అని చాలామంది నమ్మకం. చరిత్రకారులు అందరూ ఒప్పుకోరు. ఓడ ఊగకుండా ఆవిడ తెచ్చుకుందని చెప్పే రాతి గోపురం సమాధి దగ్గరే ఉంది. నాకు అన్నింటికంటే నచ్చిన మాట ఏమిటంటే, ఆవిడ కొడుకుల్లో ఇద్దరు తల్లి ఇంటిపేరే పెట్టుకున్నారట. ఈనాటికీ కిమ్హే హో ఇంటిపేరువాళ్ళు ఆవిడ సంతతివాళ్ళమని చెప్పుకుంటారు. సమాధి ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాం.

వీసా ముందే తీసుకోవాలి. ఏప్రిల్, మే గానీ, అక్టోబరు, నవంబరు గానీ మంచి కాలం. జూలైలో వానలు. దారి చూసుకోవడానికి నేవర్ మ్యాప్ పెట్టుకోండి, బస్సుకీ మెట్రోకీ టీ-మనీ కార్డు సరిపోతుంది. ఊరంతా ఎత్తుపల్లాలూ మెట్లూ కనుక మెత్తని బూట్లు తప్పనిసరి. మోకాళ్ళు సరిగ్గా ఉండగానే వెళ్ళండి. పిల్లలు స్థిరపడ్డాక చూద్దాం అనుకోకండి. మీ అక్కకో చెల్లెలికో ఇవాళే ఫోన్ చేసి, "వస్తావా?" అని అడగండి.