కంపోస్టు గుట్టలో లోపములు - నివారణోపాయములు

పాలకొల్లు ప్రాంతమున కంపోస్టునకు కావలసిన సామగ్రికి కొదువ లేదు. వరిగడ్డి, అరటిబోదెలు, పశువుల పేడ, కాలువలలోని గుర్రపుడెక్క ఇంటింటికిని అందుబాటులో నుండును. ఆల్బర్టు హోవర్డు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో జరిపిన పరిశోధనల ఫలితముగా, ఇట్టి చెత్త సుమారు మూడు మాసములలో మంచి ఎరువుగా మారునని రుజువైనది. అయినను పెక్కు ఇండ్లలో గుట్ట చెడిపోవుచున్నది. అందులకు కారణములను సభ్యులు గుర్తెరిగి ప్రజలకు బోధింపవలెను.

దుర్గంధము: డెల్టా భూములలో నీరు పైననే యుండును. వర్షాకాలమున గోతిలో నీరు నిలిచి, గాలి చొరక, చెత్త కుళ్లి కంపుగొట్టును. కావున ఇచ్చట గోతికంటె మెరకపై వేసిన గుట్ట మేలు. చెడిన గుట్టను తిరగవేసి, ఎండుగడ్డి కలిపి, పైన తాటాకులు కప్పవలెను.

వేడి పుట్టకుండుట: మొదటి వారములో గుట్ట లోపల 55 మొదలు 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి పుట్టవలెను. ఇనుప చువ్వను గ్రుచ్చి, కొంతసేపటికి తీసి తాకినచో సంగతి తెలియును. చల్లగా నున్నచో తేమయో, పేడయో చాలలేదన్నమాట. పిడికిట బిగించినపుడు చేయి తడియై, నీరు కారకుండుటయే సరియైన తేమ. ఎండుగడ్డి మిక్కుటమైనచో పేడనీళ్లు చల్లవలెను.

గుర్రపుడెక్క మొలచుట: దీనిని కొన్ని దినములు ఎండలో వాడవేసిన పిదపనే గుట్టలో వేయవలెను.

కొమ్ముపురుగు: కొబ్బరి సీమలో మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన విషయమిది. ఈ పురుగు పెంటలలో గ్రుడ్లు పెట్టును. అందు పెరిగి రెక్కలు వచ్చిన పురుగు కొబ్బరిచెట్టు మొవ్వును తొలుచును. అటుపిమ్మట విచ్చుకొను ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు కనబడును. ఒక యింటివారి అశ్రద్ధ పొరుగువారి తోటకు చేటు తెచ్చును. గుట్టను తిరగవేయునపుడెల్ల తెల్లని, బొద్దైన వంకర పురుగులను ఏరి చంపవలెను. మెటారైజియం అను శిలీంధ్రమును గుట్టలో కలిపినచో అది ఆ పురుగులకు రోగము కలిగించి చంపును. అన్నిటికంటె ముఖ్యమైనది, తయారైన ఎరువును ఏడాది పొడవునా నిలువ యుంచక వెంటనే పొలమునకు తరలించుట.

ప్లాస్టిక్కు, గాజుముక్కలు గుట్టలో చేరనీయరాదు. ప్రతి సభ్యుడును ముందు తన దొడ్డిలో ఒక మంచి గుట్టను సిద్ధపరచి చూపినచో, ఊరివారు తామై అనుసరింతురు.