ప్రశ్నలు - జవాబులు: షికాగో ఎంత దూరం?

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉంటాడు. హైదరాబాద్ నుంచి అక్కడికి పదమూడు వేల కిలోమీటర్లని ఒకరు, పదహారు వేలని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? అమెరికా పడమటి దిక్కున ఉంటే విమానాలు ఉత్తరానికి ఎక్కడమేమిటి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండు లెక్కలూ ఉన్నవే. గోడ మీది మ్యాపుకు స్కేలు ఆనించి గీస్తే గీత సౌదీ అరేబియా, లిబియా, మొరాకో దాటి అట్లాంటిక్ మీదుగా షికాగో చేరుతుంది. ఆ దారి దాదాపు 16,100 కిలోమీటర్లు. అదే గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే, అది కజకిస్తాన్, రష్యా మీదుగా పైకెక్కి, గ్రీన్‌లాండ్‌ను దాటుకుని కెనడా మీదుగా కిందికి దిగుతుంది. పొడవు సుమారు 13,300. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు వచ్చే చిక్కు ఇది. విమాన సంస్థలు దూరం చెప్పేది దారం లెక్కలోనే.

అలాగని విమానం దారం మీదే పోతుందనుకోకూడదు. గాలి ఒప్పుకోవాలి, దేశాలూ ఒప్పుకోవాలి.

గాలి సంగతి ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానం చూస్తే తెలుస్తుంది. ఎయిరిండియా దాన్ని అట్లాంటిక్ మీదుగా నడిపేది. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ దారిపొడవునా ఎదురయ్యేది. 2016 అక్టోబరులో దారి తిప్పి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది! వెనక నుంచి తోసే గాలికి అంత బలం.

దేశాల సంగతి ఇంకా మొండిది. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్నెయిర్ హెల్సింకి-టోక్యో విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా మళ్లించింది. తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలైంది. ధ్రువం దాటినందుకు ప్రయాణికుల చేతిలో ఓ సర్టిఫికెట్ పెట్టారు, అదో ఓదార్పు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసినప్పుడు, అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది.

ప్రశ్న: దుబాయ్‌లో విమానం మారితే చుట్టు తిరుగుడు కాదా?

జవాబు: అనుకున్నంత కాదు. హైదరాబాద్ నుంచి షికాగోకు ఎయిరిండియా 2021 జనవరిలో నేరుగా విమానం మొదలుపెట్టింది కానీ ఆ సర్వీసు నిలవలేదు. దుబాయ్ మీదుగా వెళ్తే రెండు అంగలూ కలిపి దాదాపు 14,200 కిలోమీటర్లు. అంటే దారం లెక్క కన్నా 900 ఎక్కువ, గాల్లో గంట సేపు. అసలు సమయం తినేసేది దుబాయ్‌లో వేచి ఉండటమే. టికెట్ తీసుకునే ముందు ఆ ఎదురుచూపు ఎన్ని గంటలో చూడండి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగండి, మోకాళ్లు బాగున్నా సరే. గేటు వెతుక్కునే పని తప్పుతుంది.