మైలుతుత్తము: మందును అదియే, విషమును అదియే

పండ్లతోటలును పశువులును గల గ్రామములలో మైలుతుత్తము నెఱుగనివారు లేరు. బత్తాయి చెట్ల బంకతెగులునకును, కొబ్బరి మొవ్వుకుళ్లునకును, పశువుల గిట్టల పుండ్లకును ఇది చాలకాలముగా వాడుకలో నున్నది. అందఱు నెఱిగిన వస్తువగుటచేతనే దీనియెడ భయము తగ్గినది. మేము గ్రామములకు పోయినపుడు దీనిని ఉప్పుజాడీ ప్రక్కను, చూరులో కాగితపు పొట్లముగను, ఒక్కొక్కచోట త్రాగునీటి చెంబులో కలిపియు ఉంచుట చూచుచున్నాము. క్రొత్త పురుగుమందు డబ్బాను దూరముగా దాచు గృహస్థుడే దీనిని వంటయింటిలో నుంచుచున్నాడు. కావున ఈ నెల పాఠమునకు మైలుతుత్తమునే తీసికొంటిమి.

ఇది యెట్టి వస్తువు?

రాగియు గంధకామ్లమును కలిసి యేర్పడిన లవణమే మైలుతుత్తము. నీలిరంగు పలుకులుగా నుండును. నీటిలో సులభముగా కరగును. తూకమున నూటికి ఇంచుమించు 25 పాళ్లు రాగియే. ఈ పలుకులలో కొంత నీరు ఇమిడియున్నది. నీలిరంగు ఆ నీటివలన కలిగినదే. మిక్కిలి వేడిచేసినచో నీరు పోయి తెల్లని పొడి యగును. పొడిగాలిలో చాలకాల ముంచినను పైపొర తెల్లబారును. అట్టి పొడిని చూచి ఉప్పనియో పటికయనియో పొరబడవచ్చును. నీలి పలుకులను చూచిన పిల్లలు కలకండ యనుకొందురు. రంగు పోయినను విషము పోదని యింటిలోని యందఱకును తెలిసియుండవలెను.

మందుగా దీని చరిత్ర

ఆయుర్వేదమునందు దీనిని తుత్థమందురు. వైద్యులు శోధించి వాడుదురు. పాశ్చాత్య వైద్యులును పూర్వము విషము తిన్నవారిచేత వాంతి చేయించుటకు దీనిని త్రాగించుచుండిరి; కనుఱెప్పల లోపలి కురుపులను దీని పలుకుతో రుద్దుచుండిరి. అయితే వాంతి చక్కగా కానిచో రాగి కడుపులో నిలిచి రక్తమున చేరి ప్రాణాపాయము కలిగించుట కనబడెను. అందుచేత వాంతిమందుగా దీనిని విడిచిపెట్టిరి. చదివిన వైద్యులే విడిచినదానిని మనము పంటినొప్పికిని, కడుపులోని పురుగులకును, పచ్చిపుండ్లకును సొంతముగా వాడుట ఎంతమాత్రమును తగదు.

తోటమందుగా దీని కథ వేఱు. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో, బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై బాట ప్రక్కనున్న తీగలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లుచుండిరి. ఆ తీగలకు బూజుతెగులు సోకకుండుటను 1882వ సంవత్సరమున మిల్లార్డె యను శాస్త్రజ్ఞుడు గమనించెను. పరీక్షలు చేసి 1885లో ఫలితమును ప్రకటించెను. అదియే మనము వాడు బోర్డో మిశ్రమము.

మనుష్యునకు కలుగు హాని

పెద్దవానికి 10 మొదలు 20 గ్రాములు లోనికి పోయిన ప్రాణాంతకము కావచ్చును. పిల్లలకు అంతకంటె చాల తక్కువయే చాలును. మ్రింగిన కొలదిసేపటికే నోట లోహపు రుచియు, గొంతున మంటయు, కడుపునొప్పియు, నీలి లేక ఆకుపచ్చని వాంతులును, విరేచనములును కలుగును.

ఇచ్చట ఒక మోసము కలదు. వాంతులు తగ్గగానే గండము గడచినదని యింటివారు తలతురు. రాగి అప్పటికే రక్తమున చేరి యెఱ్ఱకణములను పగులగొట్టుచుండును. మఱునాడో ఆ మఱునాడో కన్నులు పచ్చబడును. మూత్రము నల్లబారును, లేక తగ్గిపోవును. పెదవులు నీలివర్ణము దాల్చును. మూత్రపిండములు చెడిన పిమ్మట ఆస్పత్రికి చేరిన రోగిని బ్రతికించుట కష్టము. వాంతులు నిలిచినను నిలువకున్నను, మ్రింగినవానిని ఆ గడియలోనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

ప్రాణము గాచు పనులు

మ్రింగినచో నోరు కడిగింపవలెను. 108కు ఫోను చేయవలెను. పేడనీళ్లుగాని, ఉప్పునీళ్లుగాని, చింతపండు రసముగాని త్రాగించి వాంతి చేయింపరాదు; కాలిన గొంతు మరల కాలును, వాంతి ఊపిరితిత్తులలోనికి పోయిన నపాయము. స్పృహ లేనివానికి నోటిద్వారా ఏమియు నీయక, ఎడమప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. మందు సంచినో పొట్లమునో వెంట తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను. రాగిని శరీరమునుండి వెడలించు మందులు పెద్ద ఆస్పత్రులలో నున్నవి.

కంటిలో పడినచో ఱెప్పలు విప్పి పట్టి, శుభ్రమైన నీటితో 15 నిమిషములకు తక్కువ గాకుండ కడిగి, వెంటనే కంటి వైద్యునికి చూపవలెను. చర్మముపై పడినచో తడిసిన బట్టలు తీసివేసి సబ్బుతో కడుగవలెను.

బోర్డో మిశ్రమము కలుపు పద్ధతి

నూటికి ఒక పాలు బలముగల మిశ్రమమునకు మైలుతుత్తము 1 కిలో, అప్పుడే కాల్చిన మంచి సున్నపురాయి 1 కిలో, నీరు 100 లీటర్లు కావలెను. మట్టి, కఱ్ఱ, ప్లాస్టిక్ పాత్రలనే వాడవలెను. ఇనుము, జింకు, అల్యూమినియము పాత్రలు పనికిరావు. తుత్తపునీటిలోని రాగి ఆ లోహముపైకి చేరును, పాత్ర తినివేయబడును, మందు బలము తగ్గును.

ఒక పాత్రలో 50 లీటర్ల నీట తుత్తమును కరగింపవలెను. వేఱొక పాత్రలో సున్నమునకు కొంచెము కొంచెముగా నీరు చల్లి విఱియించి, 50 లీటర్ల సున్నపుపాలుగా చేసి గుడ్డతో వడియగట్టవలెను. సున్నము విఱియునపుడు సలసల కాగి చిందును గావున ముఖము దూరముగా నుంచవలెను. రెండును చల్లగా నున్నపుడు తుత్తపునీటిని సున్నపుపాలలో కఱ్ఱతో కలుపుచు మెల్లగా పోయవలెను.

తరువాత మెఱుగుపెట్టిన ఇనుపకత్తిని ఒక నిమిషము ముంచి చూడవలెను. కత్తిపై ఎఱ్ఱని రాగి పూత కనబడినచో సున్నము చాలలేదని తెలిసికొని, పూత రాకుండువఱకు సున్నపుపాలు చేర్పవలెను. లేకున్న ఆకులు మాడును. కలిపిన మందును ఆ దినముననే వాడవలెను.

కలుపునపుడును చల్లునపుడును రబ్బరు చేతితొడుగులు, కండ్లద్దములు, పొడుగు చేతుల చొక్కాయి ధరించి, ముక్కునకును నోటికిని కప్పు వేసికొనవలెను. గాలికి ఎదురుగా చల్లరాదు. చేతులు కడుగక చుట్ట కాల్చుట, అన్నము తినుట కూడదు. పోర్చుగలు దేశమున ఏండ్ల తరబడి ద్రాక్షతోటలలో ఈ మందు చల్లిన కూలీలకు ఊపిరితిత్తులు చెడుటను అచ్చటి వైద్యులు 1969లో ప్రకటించిరి. ఒక్కనాటి తుంపర హానిచేయనట్లు తోచినను, అనేక సంవత్సరముల తుంపర హాని చేయును.

గొఱ్ఱెలు, చేపలు, నేల

పశువులలో గొఱ్ఱెకు రాగి పరమశత్రువు. ఆవు తట్టుకొను పాలును గొఱ్ఱె తట్టుకొనలేదు. రాగి గొఱ్ఱె కాలేయమున నెలల తరబడి పైకి కనబడక చేరుచుండును. ప్రయాణపు బడలికయో, మేత లేమియో కలిగిననాడు ఒక్కమాఱుగా రక్తములోనికి దిగును. చిగుళ్లు పచ్చబడి, ఎఱ్ఱని మూత్రము పోసి, కొలదిదినములలో గొఱ్ఱె చచ్చును. కావున మందు చల్లిన తోటలో గడ్డిని గొఱ్ఱెలచేత మేపరాదు. ఆవుల కిచ్చు రాగి కలిసిన లవణపు పొడిని వానికి పెట్టరాదు. గిట్టలు ముంచు తుత్తపునీటిని అవి త్రాగకుండ చూడవలెను. గొఱ్ఱెల గిట్టలకు జింకు సల్ఫేటు నీరు మేలు. పూర్వము కడుపులోని పురుగులకు తుత్తపునీరు త్రాగించుచుండిరి. ఇప్పుడు పశువైద్యశాలలో అంతకంటె క్షేమకరమైన మందులున్నవి.

చేపలకును ఇది విషమే. చల్లుడు యంత్రమును చెఱువులోగాని కాలువలోగాని కడుగరాదు. రాగి కుళ్లునది కాదు, ఆవిరియగునది కాదు, నేలలోనే నిలుచును. అందుచేతనే ఐరోపా సమాఖ్య 2018వ సంవత్సరపు నియమమున ఏడేండ్లలో హెక్టారునకు 28 కిలోలకు మించి రాగి వేయరాదని హద్దు పెట్టినది.

సంఘము చేయదగినది

సంఘము విడిపొట్లముల అమ్మకము మాని, పేరు వ్రాసిన మూతగల సంచులనే తెప్పింపవలెను. ఎవరెంత కొనిరో పుస్తకమున వ్రాయవలెను. చేతితొడుగులు, కండ్లద్దములు, ప్లాస్టిక్ పీపాలు కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చినచో ఒక్కొక్కరిపై పడు ఖర్చు స్వల్పము. సభ్యుడు తన వంతుగా మిగిలిన తుత్తమును అదే సంచిలో మూటగట్టి, పిల్లలకందని పెట్టెలో తాళము వేసి యుంచవలెను. ఆహార పాత్రలో పోయుట, పాత్రలు మార్చుట ఎన్నడును కూడదు.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. నీలిరంగు పోయిన తుత్తము ఏల అపాయకరము?
2. వాంతులు నిలిచిన రోగిని ఆస్పత్రికి ఏల తీసికొనిపోవలెను?
3. ఇనుపకత్తి పరీక్షవలన ఏమి తెలియును?
4. ఆవునకు హానిచేయని పాలు గొఱ్ఱెను ఏల చంపును?
5. మీ యింట మైలుతుత్తము నేడు ఎచ్చట నున్నది? దీనికి మాత్రము ఇంటికి పోయి చూచి వచ్చిన పిమ్మటనే జవాబు చెప్పవలెను.