స్పోర్ట్స్ రిపోర్టింగ్‌కు అమ్మాయిని పంపే ముందు

ఐపీఎల్ సీజన్ మొదలైందంటే పిల్లల కెరీర్ సలహా కోసం మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకటే అడుగుతారు: "మా అమ్మాయికి క్రికెట్ అంటే ప్రాణం మేడమ్, గలగలా మాట్లాడుతుంది. స్పోర్ట్స్ యాంకరింగ్ కోర్సు ఎక్కడ బాగుంటుంది?" ఆ అమ్మాయే స్పోర్ట్స్ రిపోర్టర్‌నవుతానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోరు. రాత్రిళ్లు తిరగాలి, చుట్టూ మగవాళ్లే, మనకెందుకంటారు. టీవీలో కనిపిస్తే గౌరవమనీ, మైదానానికి వెళ్లి వార్త రాసుకురావడం ఆడపిల్లకు తగని పననీ అనుకుంటారు. ఈ నమ్మకం దగ్గరే మంచి రిపోర్టర్లు కావాల్సిన పిల్లలు ఆగిపోతున్నారు.

ముందు డబ్బు సంగతి. మూడు నెలల్లో యాంకర్‌ను చేస్తామని చెప్పే కోర్సుల్లో నేర్పేది ఎక్కువగా కెమెరా ముందు నిలబడటం, మేకప్, గొంతు సవరించుకోవడం. చివర్లో పోర్ట్‌ఫోలియో షూట్ అని మళ్లీ వసూలు చేస్తారు. నెట్ రన్‌రేట్ ఎలా లెక్కకడతారో, బ్యాడ్మింటన్ టోర్నీలో డ్రా ఎలా తీస్తారో చెప్పే గంట క్లాసు కూడా ఉండదు. తెలుగు ప్రసారాల్లో స్పోర్ట్స్ యాంకర్ల స్థానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలావరకు సీజన్‌కు కుదుర్చుకునే పని. వచ్చే ఏడు కొత్త ముఖం కావాలంటే అడిగే దిక్కుండదు. ఇలాంటి కోర్సు కోసం అప్పు చేయకండి, బంగారం కుదువ పెట్టకండి.

రిపోర్టింగ్, డెస్క్ ఉద్యోగాలకు ఏదైనా డిగ్రీ చాలు. నా ఓటు మాత్రం తెలుగు దినపత్రికల సొంత జర్నలిజం స్కూళ్లకే. రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు, శిక్షణలో స్టైపెండ్ ఇస్తారు, తెలుగులో కాపీ రాయడం పక్కాగా నేర్పుతారు. క్రీడా జర్నలిస్టు శారదా ఉగ్రా ముంబైలో మిడ్‌డే పత్రికలో మొదలై ది హిందూ, ఇండియా టుడే, ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్‌ఫో దాకా మూడు దశాబ్దాలకు పైగా ఆటల గురించే రాశారు. రాసే పనికి అంత ఆయుష్షు ఉంటుంది.

దారి సులువని చెప్పను. కొత్తగా చేరిన అబ్బాయిని ఎవరూ అడగరు గానీ, అమ్మాయి కనిపిస్తే ఎల్బీడబ్ల్యూ నిబంధన చెప్పమంటారు. క్రికెట్ టెస్టు మగ రిపోర్టర్‌కు వెళ్తుంది, ఆటగాడి తల్లి ఇంటర్వ్యూ ఈమెకు వస్తుంది. రాత్రి ఐపీఎల్ మ్యాచ్ పదకొండు దాటాక ముగుస్తుంది, సిటీ ఎడిషన్ డెడ్‌లైన్ తరుముతుంటుంది. జిల్లా మైదానాల్లో మరుగుదొడ్డి ఉండదని పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా పనిచేసే అమ్మాయిలున్నారు. కోచ్‌తోనో సెలెక్టర్‌తోనో ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడితే మగవాడికి అది సోర్స్, ఆడమనిషికి పుకారు.

2016 జనవరిలో ఆస్ట్రేలియా టీ20 లీగ్ బిగ్‌బాష్ మ్యాచ్‌లో వెస్టిండీస్ క్రికెటర్ క్రిస్ గేల్‌ను లైవ్‌లో ఇంటర్వ్యూ చేసిన ఆస్ట్రేలియా రిపోర్టర్ మెల్ మెక్‌లాఫ్లిన్ ఆట గురించి అడిగారు. అతను ఆమె కళ్లను పొగిడి డ్రింక్‌కు రమ్మన్నాడు. అతని జట్టు మెల్‌బోర్న్ రెనెగేడ్స్ 10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అది టీవీలో అందరూ చూశారు కాబట్టి. కెమెరా లేని చిన్న స్టేడియంలో, క్రీడా సంఘం పెద్ద గదిలో అలాంటి మాట పడిన స్ట్రింగర్‌కు ఎవరు అండ? అందుకే వేధింపులపై ఫిర్యాదు వినే కమిటీ ఉందా అని ఉద్యోగంలో చేరే ముందే అడగాలి. 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న సంస్థయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ట్రెయినీలకూ, కాంట్రాక్టు వాళ్లకూ ఇది వర్తిస్తుంది. పని మీద వెళ్లిన స్టేడియం కూడా చట్టం దృష్టిలో పనిచేసే చోటే. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసి ఇవ్వాలి, కాబట్టి మెసేజ్‌లు చెరిపేయకూడదు. రాత్రి షిఫ్టు తర్వాత ఆఫీసు బండి ఇంటిదాకా వస్తుందా అన్నది జీతం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. తడబడుతూ జవాబిచ్చే సంస్థలో చేరవద్దు.

ప్రెస్ బాక్స్‌లో ఆడవాళ్లు ఉంటే అడిగే ప్రశ్నలు మారతాయని నా నమ్మకం. 2017 మహిళల ప్రపంచకప్ ముందు భారత కెప్టెన్ మిథాలీ రాజ్‌ను మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని ఓ విలేకరి అడిగారు. ఇదే ప్రశ్న మగ క్రికెటర్‌ను అడుగుతారా అని ఆమె తిరిగి అడగాల్సి వచ్చింది. మన దగ్గర ఇది కొత్త దారీ కాదు. అలనాటి క్రికెటర్ సి.కె.నాయుడు కూతురు చంద్ర నాయుడు 1970లలోనే క్రికెట్ కామెంటరీ చెప్పారు. ఇప్పుడైతే కడప జిల్లా క్రికెటర్ శ్రీచరణి, నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్, వైజాగ్ హర్డ్లర్ జ్యోతి యర్రాజీ గురించి లోతుగా రాయగల తెలుగు రిపోర్టర్లు ఎంతమంది ఉన్నా చాలరు.

అమ్మాయికి నా సలహా ఒకటే. డిగ్రీలో ఉండగానే దగ్గర్లోని జిల్లా టోర్నీకి వెళ్లు, స్కోరు నువ్వే రాసుకో, ఆట అయిన గంటలో మూడు వందల మాటల రిపోర్టు పూర్తిచెయ్యి. క్రికెట్‌తో పాటు ఇంకో ఆటను నిబంధనల పుస్తకంతో సహా నేర్చుకో.

తల్లిదండ్రులకు చెప్పేది వేరు. "ఏడాది చూద్దాం, లేకపోతే బ్యాంక్ కోచింగ్, ఆ వెంటనే సంబంధాలు" అని గడువు పెట్టి పంపకండి. ఈ వృత్తిలో మొదటి ఏడాది ఫోన్ నంబర్లు సంపాదించడానికే సరిపోతుంది. పేరుతో వార్త రావడం ఆ తర్వాతి మాట. కనీసం మూడేళ్లు ఇవ్వండి, ఆ మూడేళ్లూ రాత్రి ఆలస్యమైన ప్రతిసారీ సంజాయిషీ అడక్కండి.