పిలిస్తే పలికే ప్రోగ్రాములు

సీసాలోని రసాయనం ఎంత శుద్ధమైనదైనా, పైన పేరు లేకుంటే ప్రయోగశాలలో దానిని ఎవరూ ముట్టరు. కంప్యూటరులో చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్న ప్రోగ్రాముల గతి కూడా అంతే. కొలతలను సరిచేయడానికి ఒకటి, గ్రాఫు గీయడానికి మరొకటి చొప్పున పరిశోధకులు, విశ్వవిద్యాలయాలలో చదివే మన పిల్లలు ఎన్నో స్క్రిప్టులు వ్రాసుకొంటారు. ఆరు నెలలు గడిస్తే ఏది ఏ ఫోల్డరులో ఉన్నదో, దేని తరువాత దేనిని నడపాలో వ్రాసినవారికే గుర్తుండదు. వారు పట్టా పుచ్చుకొని వెళ్ళిపోయాక అదే ఫలితాన్ని మరొకరు తిరిగి సాధించలేకపోతే, ఆ పరిశోధనపై నమ్మకమే సడలుతుంది.

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్న చోట్లలో కేంబ్రిడ్జి ఒకటి. అక్కడ మారిస్ విల్క్స్ బృందం నిర్మించిన ఎడ్సాక్ యంత్రం 1949 మే 6న తొలి ప్రోగ్రామును నడిపింది. తరచుగా అవసరమయ్యే గణనలను డేవిడ్ వీలర్ తదితరులు కాగితపు టేపులపై విడివిడి ఉపక్రమాలుగా సిద్ధపరచి, బీరువాలో భద్రపరిచారు. ప్రతి తరగతికి ఒక అక్షరం: ముద్రణకు పి, త్రికోణమితికి టి. కావలసినదాని నకలును తమ టేపుకు చేర్చుకొంటే చాలు. మయోగ్లోబిన్ నిర్మాణాన్ని ఛేదించి, 1962లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్న జాన్ కెండ్రూ తన గణనలకు ఎడ్సాక్‌నే ఆశ్రయించాడు.

ప్రొటీన్ స్ఫటికశాస్త్రంలోనే మరో ఉదాహరణ ఉన్నది. 1979లో బ్రిటన్‌లో ప్రారంభమైన సి.సి.పి.4 పథకం వేర్వేరు శాస్త్రజ్ఞులు వ్రాసిన ప్రోగ్రాములను ఒకచోట చేర్చింది. వాటిని కలిపి ఒకే మహాప్రోగ్రాముగా మార్చలేదు. దత్తాంశ ఫైళ్ళకు ఉమ్మడి రూపం ఏర్పరచింది. ఒక ప్రారంభ ఫైలును నడిపితే చాలు, ఆ ప్రోగ్రాములన్నిటినీ ఏ ఫోల్డరు నుండైనా పేరుతో పిలువవచ్చు.

ఇందులోని కిటుకు సులభమైనదే. మనం ఆదేశం టైపు చేయగానే దానిని అందుకొనే ప్రోగ్రామును షెల్ అంటారు. అది 'పాత్' అనే జాబితాలోని ఫోల్డర్లను వరుసగా వెదకి, ఆ పేరుతో మొదట కనిపించిన ప్రోగ్రామును నడుపుతుంది. కనుక లినక్స్, మ్యాక్ యంత్రాలు వాడేవారు ఈ క్రింది పద్ధతిని పాటించవచ్చు.

1. మీ సొంత ఫోల్డరులో 'బిన్' అనే ఫోల్డరును సృష్టించి, దానిని పాత్ జాబితాలో చేర్చండి.

2. స్క్రిప్టు మొదటి పంక్తిలో దానిని ఏ భాషలో నడపాలో తెలిపి, 'సీహెచ్‌మాడ్' ఆదేశంతో నడిచే అనుమతి ఇవ్వండి.

3. స్క్రిప్టును ప్రాజెక్టులోనే ఉంచి, బిన్‌లో దానికి లంకె మాత్రమే పెట్టండి. నకళ్ళు పెడితే కొంతకాలానికి ఏది సరియైనదో తెలియదు.

4. స్క్రిప్టు తనకు కావలసిన ఫైళ్ళను తానున్న చోటును బట్టి వెదకాలి కాని, పిలిచినవారు ఉన్న ఫోల్డరును బట్టి కాదు.

5. 'టెస్ట్' వంటి పేర్లు పెట్టరాదు. ఆ పేరుతో షెల్‌లో ముందే ఒక ఆదేశం ఉన్నది, దానిని పిలిస్తే అదే పలుకుతుంది.

స్క్రిప్టులు పదికి మించినప్పుడు ప్రాజెక్టుకు ఒకే ముఖ్య ఆదేశం ఏర్పరచి, తక్కినవాటిని దాని ద్వారా పిలవడం మేలు. ఒట్టి పేరు టైపు చేస్తే, ఏ పని ఏమి చేస్తుందో ఒక్కొక్క వాక్యంలో అది చూపాలి. ఏ పని దేని తరువాత జరగాలో కూడా వ్రాసి ఉంచాలంటే 'మేక్' ఉన్నది. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన ఈ సాధనం, మారిన ఫైళ్ళపై ఆధారపడిన పనులను మాత్రమే తిరిగి చేస్తుంది.

మన వంటింటి పోపులపెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు దేని గిన్నెలో అవి ఉంటాయి. అందుకే ఇంట్లో ఎవరు పొయ్యి దగ్గర నిలిచినా తిరగమోత ఆగదు. మన పిల్లలు తమ ప్రోగ్రాములను కూడా అలాగే అమర్చుకొంటే, వారి శ్రమ వారి తరువాత వచ్చేవారికి సైతం అక్కరకు వస్తుంది.