ఓడలో గుండ్రని కిటికీ ఎందుకు తగ్గిపోయింది?



బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వైపు వెళ్లేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. స్లీపర్ పెట్టెలో కిటికీ ఎత్తితే గాలి వస్తుంది. ఏసీ పెట్టెలో కిటికీ ఇంకా పెద్దది, కాని అది తెరుచుకోదు. మొదటి కిటికీ గాలి కోసం పెట్టినది. రెండవది చూడడం కోసం పెట్టినది. రెండింటినీ మనం కిటికీ అనే అంటాము. కాని అవి చేసే పనులు వేరు.

ఈ తేడాను మనసులో ఉంచుకుంటే ఈసారి పాఠం తేలికగా అర్థమవుతుంది. సినిమాలలోను, బొమ్మల పుస్తకాలలోను ఓడ అనగానే పక్క గోడ మీద వరుసగా గుండ్రని కిటికీలు కనిపిస్తాయి. వీటినే పోర్ట్‌హోల్ అంటారు. నేటి పెద్ద విహార నౌకల ఫోటో చూడండి. వరుస వరుసలుగా బాల్కనీలే కనిపిస్తాయి. గుండ్రని కిటికీలు ఉంటే నీటికి దగ్గరగా, అడుగు అంతస్తులలో కొన్ని మాత్రమే ఉంటాయి. ఈ మార్పు వెనుక భౌతికశాస్త్రం ఉంది, చరిత్ర ఉంది, డబ్బు లెక్క కూడా ఉంది.

గుండ్రంగానే ఎందుకు?

అలల మీద ఓడ ఒక పొడవైన దూలంలాగా వంగుతుంది. అల శిఖరం ఓడ మధ్య కిందికి వచ్చినప్పుడు రెండు కొనలు కిందికి వాలుతాయి. రెండు కొనల కింద రెండు అలలు వచ్చినప్పుడు మధ్యభాగం కుంగుతుంది. ప్రయాణంలో ఇది లక్షల సార్లు జరుగుతుంది. ప్రతిసారీ పక్క గోడ ఉక్కు రేకు లాగబడుతుంది, నొక్కబడుతుంది.

అలాంటి రేకుకు రంధ్రం చేస్తే ఏమవుతుంది? 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ దీనికి సమాధానం చెప్పాడు. వెడల్పైన రేకులో చిన్న గుండ్రని రంధ్రం ఉంటే, దాని అంచు దగ్గర ప్రతిబలం మామూలు కంటే 3 రెట్లు ఉంటుంది. 1913లో బ్రిటిష్ ఇంజనీరు ఇంగ్లిస్ నౌకా నిర్మాణ ఇంజనీర్ల సంస్థ ముందు ఇంకొక మెట్టు ఎక్కి చూపించాడు. అండాకారపు రంధ్రం పొడవు వెడల్పుకు రెండింతలు ఉండి, లాగే దిశకు అడ్డంగా ఉంటే అది 5 రెట్లు అవుతుంది. మూల ఎంత పదునైతే ప్రమాదం అంత ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తొందరగా కట్టిన లిబర్టీ ఓడలలో డెక్ మీది చదరపు ద్వారాల మూలల దగ్గర పగుళ్లు పుట్టాయి. చలికి పెళుసయ్యే ఉక్కు, వెల్డింగ్ లోపాలు తోడై కొన్ని ఓడలు రెండు ముక్కలయ్యాయి. విమానాలకు నిలయమైన మన బెంగళూరులో చదివే ఇంజనీరింగ్ విద్యార్థులకు 1954 నాటి కామెట్ విమాన ప్రమాదాలు పరిచయమే. అక్కడ కూడా లోహపు కవచంలో కోసిన రంధ్రాల మూలల దగ్గరే పగుళ్లు మొదలయ్యాయి.

కాబట్టి గుండ్రని కిటికీ అందం కోసం వచ్చినది కాదు. మూల లేని ఆకారం కాబట్టి వచ్చింది. పైగా గుండ్రని చట్రానికి రబ్బరు వలయం అన్ని వైపులా సమానంగా బిగుస్తుంది. నీరు కారదు.

నీటి బలం: ఒక చిన్న లెక్క

40 సెంటీమీటర్ల వ్యాసం గల పోర్ట్‌హోల్ తీసుకుందాం. దాని వైశాల్యం సుమారు 0.126 చదరపు మీటరు. సముద్రపు నీటిలో ప్రతి మీటరు లోతుకు, ప్రతి చదరపు మీటరు మీద సుమారు 1 టన్ను పైచిలుకు బరువు పడుతుంది. ఈ కిటికీ 3 మీటర్ల లోతుకు పోతే అద్దం మీద సుమారు 385 కిలోల బలం పడుతుంది. అందుకే మందపు అద్దం, ఇత్తడి లేదా ఉక్కు చట్రం, తుఫాను వేళ లోపలినుంచి మూసి బిగించే లోహపు మూత ఉంటాయి. ఆ మూతను డెడ్‌లైట్ అంటారు.

ఇప్పుడు అదే కిటికీ తెరిచి ఉండి, 1 మీటరు లోతుకు మునిగిందనుకోండి. టారిసెల్లీ సూత్రం ప్రకారం నీరు సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో లోపలికి వస్తుంది. అంచుల దగ్గర ప్రవాహం కుంచించుకుపోతుంది కనుక 0.6తో గుణిద్దాం. సెకనుకు 0.33 ఘనపు మీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 20 టన్నులు. మన వీధుల్లో తిరిగే 6,000 లీటర్ల నీటి ట్యాంకర్లు మూడు, ఒక్క నిమిషంలో, ఒక్క కిటికీ గుండా!

బ్రిటానిక్ నేర్పిన పాఠం

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. టైటానిక్‌కు తోబుట్టువు వంటి ఓడ బ్రిటానిక్. మొదటి ప్రపంచ యుద్ధంలో అది ఆసుపత్రి ఓడగా పనిచేసింది. 1916 నవంబరు 21 ఉదయం గ్రీసు దేశపు కియా దీవి దగ్గర సముద్రంలో అమర్చిన మందుపాతర తగిలింది. టైటానిక్ ప్రమాదం తరువాత ఆ ఓడకు అడ్డుగోడలు పెంచి, మరింత గట్టిగా కట్టారు. అయినా 55 నిమిషాలలో మునిగిపోయింది. టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం, రోగుల వార్డులకు గాలి ఆడాలని నర్సులు తెరిచి ఉంచిన పోర్ట్‌హోల్‌లు. ఓడ ఒరగగానే అవి నీటి కిందికి వచ్చాయి. ఆ ప్రమాదంలో 30 మంది చనిపోయారు.

ఆ నర్సులది దుర్బుద్ధి కాదు. గాలి కావాలన్న అవసరం, నీరు రాకూడదన్న అవసరం ఒకే రంధ్రం దగ్గర పోటీపడ్డాయి. పోర్ట్‌హోల్ చరిత్ర అంతా ఈ పోటీయే.

సముద్రంలో ప్రాణరక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్. టైటానిక్ మునిగిన తరువాత 1914లో మొదటి ఒప్పందం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1974 నాటిది, ఎన్నో సవరణలతో. దాని ప్రకారం ఓడ పక్క కిటికీ అడుగు అంచు, ఓడ నిండు లోతు గీతకు కనీసం ఓడ వెడల్పులో 2.5 శాతం, లేదా 500 మిల్లీమీటర్లు, ఏది ఎక్కువైతే అంత ఎత్తున ఉండాలి. 30 మీటర్ల వెడల్పు గల ఓడకు ఇది 75 సెంటీమీటర్లు. సగం వెడల్పు 15 మీటర్లు కనుక, ఓడ 3 డిగ్రీలకు కొంచెం తక్కువ ఒరిగితే చాలు, ఆ కిటికీ అంచుకు నీరు తాకుతుంది. అందుకే కింది అంతస్తుల కిటికీలు తెరవడానికి వీలులేకుండానో, కెప్టెన్ అనుమతి లేనిదే తెరవకుండానో ఏర్పాటు చేస్తారు.

బంగాళాఖాతంలో మనవాళ్లు

ఈ చరిత్రలో తెలుగువారి చోటు ఎక్కడ? పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వేలాది మంది బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అన్నారు. వారిలో ఎక్కువ మంది డెక్ ప్రయాణికులు. క్యాబిన్ లేదు, కిటికీ లేదు. తెరిచిన డెక్ మీదనో, దాని కింది ఇరుకు అంతస్తులోనో సొంత చాప పరుచుకుని, మూట తల కింద పెట్టుకుని పడుకోవలసిందే.

అదే రంగూన్‌కు ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి బిబ్బీ లైన్ అనే కంపెనీ ఓడలు నడిపేది. వేడి సముద్రాలలో ప్రయాణించే క్యాబిన్ వర్గం వారికి గాలి ఆడక ఇబ్బంది. దానికి ఒక ఉపాయం చేశారు. లోపలి గదికి పక్కగా ఒక సన్నని సందు వదిలి, దానిని ఓడ గోడ దాకా తీసుకుపోయి, చివర పోర్ట్‌హోల్ పెట్టారు. ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉన్న ఈ గదికి బిబ్బీ క్యాబిన్ అనే పేరు స్థిరపడింది. ఒక్క గుండ్రని కిటికీ కోసం గదినే వంచారంటే, ఏసీ లేని రోజులలో దాని విలువ ఎంతో ఊహించండి. పాష్ అనే ఇంగ్లీషు మాట, ఇండియా ప్రయాణంలో ఎండ తగలని వైపు క్యాబిన్ల నుంచి పుట్టిందని చాలామంది చెబుతారు. దానికి ఆధారాలు లేవు. కాని ఆ కథ అంతగా వ్యాపించడానికి కారణం, ఏ వైపు కిటికీ అన్నది నిజంగా ముఖ్యమైన విషయం కావడమే.

1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది. అక్కడి షిప్‌యార్డులో కట్టిన జల ఉష అనే ఓడను 1948 మార్చి 14న నెహ్రూ గారు సముద్రంలోకి విడిచారు. అండమాన్ ప్రయాణికుల కోసం నిర్మించిన స్వరాజ్ ద్వీప్ కూడా అదే షిప్‌యార్డులో తయారై 1999లో పనిలోకి వచ్చింది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊరికి, ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. బంకు తరగతి నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా టికెట్టును బట్టి చోటు మారుతుంది.

గాలి అవసరం తీరింది, చూపు సరుకైంది

మార్పు మూడు వైపుల నుంచి వచ్చింది.

మొదటిది ఎయిర్ కండిషనింగ్. 1952లో వచ్చిన యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ అంతటా ఏసీ ఉండేది. ఏసీ వచ్చాక కిటికీ తెరవవలసిన పని పోయింది. గాలి పని చేసే కిటికీ, చూపు పని చేసే కిటికీగా మారింది. మన రైలు పెట్టెలో జరిగినదే ఇక్కడా జరిగింది.

రెండవది విమానం. 1958 అక్టోబరులో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. ఊరు చేరడానికి ఓడ ఎక్కేవారు తగ్గారు. సరదాకు ఎక్కేవారి కోసం ఓడలు కట్టసాగారు. వారు కొనేది ప్రయాణం కాదు, సముద్రం చూడడం.

మూడవది నిర్మాణ పద్ధతి. పాత ఓడలలో గదులు ఎక్కువగా ఓడ కడుపులో, హాళ్లు, భోజనశాలలు పైన ఉండేవి. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్‌లో దీనిని తలకిందులు చేశారు. హాళ్లు కిందికి, గదులు పైకి వచ్చాయి. ప్రతి గదీ బయటి వైపే. కొన్నింటికి బాల్కనీ. 1998 నాటి గ్రాండ్ ప్రిన్సెస్‌లో బాల్కనీ గదులు ఏడు వందలకు పైగా ఉన్నాయి. నీటికి ఎంతో ఎత్తున ఉండే పై అంతస్తులకు అలల దెబ్బ తక్కువ. గుండ్రని మూలలతో పెద్ద ద్వారాలు కోసి, చుట్టూ ఉక్కును బలపరచి, ఏ చోట ప్రతిబలం ఎంతో కంప్యూటర్ మీద ముందే లెక్కకట్టగలుగుతున్నారు. కిర్ష్, ఇంగ్లిస్ చెప్పిన సూత్రాలు రద్దు కాలేదు. వాటిని పాటించే కొత్త దారులు దొరికాయి.

కిటికీ లేని గది, తెర మీది సముద్రం

అయితే అందరికీ బాల్కనీ వచ్చిందా? లేదు. ఓడ వెడల్పు పెరిగేకొద్దీ మధ్యలో కిటికీ లేని లోపలి గదులు మిగిలాయి. 2011లో వచ్చిన డిస్నీ డ్రీమ్ ఓడలో అలాంటి గదుల గోడకు గుండ్రని తెర పెట్టి, బయటి కెమెరాల నుంచి సముద్రం చూపించారు. అసలు పోర్ట్‌హోల్ తగ్గిపోయిన చోట దాని బొమ్మ వచ్చి కూర్చుంది!

2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారయాత్ర చేసిన ఎంప్రెస్ ఓడ ఈ మార్పుకు మధ్యకాలపు సాక్షి. అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో మొదలైన ఓడ. దానిలో ఎక్కువ గదులకు బాల్కనీ లేదు. ఉంటే సముద్రం కనిపించే కిటికీ, లేకపోతే కిటికీ లేని లోపలి గది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది.

నేటి పెద్ద ఓడలలో అసలైన గుండ్రని కిటికీ చూడాలంటే చాలావరకు అడుగు అంతస్తులకు వెళ్లాలి. అక్కడ తక్కువ ధర గదులు, సిబ్బంది గదులు ఉంటాయి. వంటవాళ్లు, గదులు శుభ్రం చేసేవారు, ఇంజను మనుషులు అక్కడ ఉంటారు. వారిలో మన దేశం వారు చాలామంది. చాలా సిబ్బంది గదులకు ఆ చిన్న కిటికీ కూడా ఉండదు. నాడు డెక్ మీది కోరంగీకి గాలి ఉంది, గది లేదు. నేడు అడుగున ఉన్న ఉద్యోగికి గది ఉంది, వెలుతురు లేదు. సాంకేతిక విద్య ఎంత పెరిగినా, వెలుతురు ఎవరికి దక్కాలి అన్న ప్రశ్నకు యంత్రం జవాబు చెప్పదు. గీత గీసే ఇంజనీరు, డబ్బు పెట్టే యజమాని, నియమం రాసే ప్రభుత్వం చెప్పాలి.

మనం గ్రహించవలసినది

ఒక పాత వస్తువు కనుమరుగైతే "కాలం మారింది" అని ఊరుకోకండి. అది ఏ అవసరాన్ని తీర్చేదో అడగండి. ఆ అవసరం ఇప్పుడు ఏది తీరుస్తున్నదో చూడండి. ఆ మార్పులో ఎవరికి లాభం, ఎవరు మిగిలిపోయారో కూడా గమనించండి. మంచి ఇంజనీరుకు మూడూ కావాలి.

ఈ రంగం మీద ఆసక్తి కలిగిన ఇంటర్ విద్యార్థులు నౌకా నిర్మాణ ఇంజనీరింగ్ గురించి తెలుసుకోండి. విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రాంగణం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, చెన్నైలో ఐఐటీ ఈ విద్యను బోధిస్తున్నాయి. ప్రవేశ పరీక్షల వివరాలు ఆయా సంస్థల ప్రకటనలలోనే సరిచూసుకోండి.

అభ్యాసం

1. 50 సెంటీమీటర్ల వ్యాసం గల పోర్ట్‌హోల్ 2 మీటర్ల లోతున ఉంటే అద్దం మీద పడే బలం ఎంత?

2. 40 మీటర్ల వెడల్పు గల ఓడకు 2.5 శాతం నియమం ప్రకారం కిటికీ అంచు ఎంత ఎత్తున ఉండాలి? ఎంత కోణం ఒరిగితే నీరు తాకుతుంది? 30 మీటర్ల ఓడకు వచ్చిన కోణమే మళ్లీ ఎందుకు వచ్చింది?

3. మీ ఇంట్లో, లేదా హాస్టల్లో ఉన్న కిటికీలను లెక్కపెట్టండి. ఏది గాలి కోసం, ఏది వెలుతురు కోసం, ఏది రెండింటికీ? ఏ గదికి ఏదీ లేదు? అక్కడ ఉంటున్నది ఎవరు?

మూడవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. మీరే చూసి రాయాలి.